డీజే స్క్రీన్ మీద డోలు దెబ్బ
(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచిన అన్న ఒక్క మాటే చెప్పారు. "పొద్దున్నుంచి అందరూ సంస్కృతి పోతోంది, పోతోంది అనే చెప్తారు. నువ్వు మాత్రం నీ పని గురించి చెప్పు" అన్నారు. నా పని డీజే. ఈ సభలో డీజే అనగానే మొహం పక్కకు తిప్పుకునే పెద్దలు ఉన్నారని తెలుసు. మా వైపు రెండు గూడేల్లో పెళ్లికి డీజే పెట్టొద్దని తీర్మానం కూడా చేశారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే నేను చేసిన తప్పు ఒకటి ముందు చెప్పాలి.

ఐదేళ్ల కింద మా బంధువుల ఇంట్లో పెళ్లి. అంతకు ముందు నెలలో ఇంకో పెళ్లిలో మన డోలు, తుడుం, పెప్రె వాయిస్తుంటే ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. దాన్ని లాప్‌టాప్‌లో ఎక్కించి, కింద గట్టి కిక్ ఉన్న ట్రాక్ ఒకటి పెట్టి, సింక్ బటన్ నొక్కాను. స్క్రీన్ మీద రెండు అలలు ఒకదాని కింద ఒకటి, గీతకు గీత సరిపోయి కనిపించాయి. అబ్బ, ఎంత బాగా కలిసిందో అనుకున్నాను. అర నిమిషం బాగానే నడిచింది. దింసా ఆడుతున్న అక్కలు చేతులు పట్టుకుని చక్కగా తిరుగుతున్నారు. తర్వాత ఎక్కడో కాలు తడబడింది. ఒకరిని చూసి ఒకరు నవ్వుకున్నారు. రెండో నిమిషానికి వరస తెగిపోయింది, ఆడవాళ్లు వెళ్లి కూర్చున్నారు. నేను స్క్రీన్ చూస్తే గీతలు ఇంకా సరిగ్గానే ఉన్నాయి! పాట కాదు, ఆడేవాళ్లే తప్పు అనుకున్నాను. అంత పొగరు.

మూలన కూర్చున్న డోలు మామ దగ్గరికి వచ్చి అడిగాడు. "అల్లుడా, మా చెయ్యి ఉరుకుతుంటే నీ పెట్టె ఎందుకు ఉరకలేదు?"

నాకు ఆ రోజు జవాబు తెలియలేదు. ఇవాళ చెప్పేదంతా ఆ ప్రశ్నకు జవాబే.

ముందు స్క్రీన్ మీద మనకు కనిపించేది ఏమిటో చూద్దాం. సెరాటో కానీ, వర్చువల్ డీజే కానీ, రికార్డ్‌బాక్స్ కానీ, ట్రాక్టర్ కానీ, ఏది తెరిచినా పాట ఒక అలల బొమ్మలా కనిపిస్తుంది. దాన్నే వేవ్‌ఫామ్ అంటాం. అడ్డంగా పోయేది టైమ్. నిలువుగా లేచేది శబ్దం ఎంత గట్టిదో ఆ కొలత. సీడీ నాణ్యత ఉన్న పాటలో ఒక్క సెకనుకు 44,100 కొలతలు ఉంటాయి. వాటన్నిటినీ కుదించి బొమ్మ గీస్తారు. బొమ్మలు రెండు. పైన చిన్నగా పాట మొత్తం కనిపించేది ఒకటి: పల్లవి ఎక్కడ, ఖాళీ ఎక్కడ, దరువు ఎక్కడ మొదలవుతుందో అందులో తెలుస్తుంది. రెండోది పెద్దగా, కొన్ని సెకన్లు మాత్రమే కనిపిస్తూ కదిలిపోయేది. బీట్ కలపడానికి చూడాల్సింది ఈ రెండోదే.

రంగులు ఊరికే అందానికి పెట్టలేదు. సెరాటోలో బాస్ ఎరుపు, మధ్య శబ్దాలు ఆకుపచ్చ, పైశబ్దాలు నీలం. రికార్డ్‌బాక్స్‌లో త్రీబ్యాండ్ పెట్టుకుంటే బాసే నీలం. అందుకే ఒకడి లాప్‌టాప్ మీద నేర్చుకుని ఇంకొకడి లాప్‌టాప్ దగ్గర కూర్చుంటే మొదటి పది నిమిషాలు తికమక అవుతుంది. రంగు పేరు గుర్తుపెట్టుకోవద్దు. కిక్ ఒక్కటే మోగే చోటుకు పోయి, అక్కడ ఏ రంగు లేస్తుందో చూసుకోండి.

ఇప్పుడు దెబ్బ ఆకారం. కంప్యూటర్‌లో తయారైన కిక్ చూస్తే ఎడమ వైపు గోడలా నిటారుగా లేస్తుంది, కుడి వైపు తోకలా సన్నగిల్లుతుంది. దెబ్బ పడింది ఆ గోడ దగ్గర. చాలామంది తమ్ముళ్లు రెండు బొమ్మల నడిభాగాలను కలుపుతారు. అది తప్పు, గోడకు గోడ కలపాలి. మన వాయిద్యాల దగ్గర ఇది కొంచెం కష్టం. తుడుం మీద కర్ర పడితే సన్నగా, ముల్లులా లేస్తుంది, గుర్తుపట్టడం సులువు. డోలు మీద అరచేతితో కొట్టిన లోతు దెబ్బ గోడలా లేవదు, గుట్టలా లేస్తుంది. ఆ గుట్ట మొదలు ఎక్కడో కంటితో సరిగ్గా చెప్పలేం. పెప్రె మోగుతూ ఉంటే ఇంకా కష్టం. ఊదే వాయిద్యం కదా, మధ్య రంగు పట్టీలా పరుచుకుని దెబ్బలను కప్పేస్తుంది. అప్పుడు మధ్య రంగును వదిలేసి బాస్ రంగు మీదే కన్ను పెట్టాలి.

కలపడం ఎట్లా? రెండు పనులు ఉన్నాయి, వాటిని కలిపి గందరగోళం చేసుకోవద్దు. మొదటిది వేగం. రెండోది దెబ్బ మీద దెబ్బ పడటం. వేగాన్ని టెంపో స్లైడర్‌తో సరిచేస్తాం. దెబ్బను జాగ్ వీల్ కొంచెం ముందుకో వెనక్కో తోసి సరిచేస్తాం. బొమ్మ కుడి నుంచి ఎడమకు కదులుతుంది, మధ్యలో నిలువు గీత దగ్గర ఉన్నదే ఇప్పుడు మోగుతున్నది. రెండో డెక్ దెబ్బ మొదటి దాని కంటే కుడి వైపు ఉంటే అది ఇంకా రావాలి, అంటే వెనకబడింది, ముందుకు తోయాలి. ఎడమ వైపు ఉంటే తొందరపడింది, ఆపాలి. తోసి సరిచేశాక కొంతసేపటికి మళ్లీ అదే వైపు జరుగుతోందా? అయితే ఎంత తోసినా లాభం లేదు, వేగమే తప్పు. స్లైడర్ ముట్టుకోండి.

ఎంత తేడా ఉంటే చెవికి తెలుస్తుంది? ఒక పాట నిమిషానికి 120, ఇంకోటి 120.1 అనుకోండి. 120 దగ్గర ఒక్కో దెబ్బకు అర సెకను. పదో వంతు తేడా కదా అనుకుంటాం. నిమిషం గడిచేసరికి దెబ్బలు ఒకదానికొకటి 50 మిల్లీసెకన్లు జరుగుతాయి. అప్పటికే ఒక దెబ్బ రెండుగా, గుర్రం గిట్టల చప్పుడులా వినిపిస్తుంది. ఐదు నిమిషాలకు ఒక పాట దెబ్బ ఇంకో పాట రెండు దెబ్బల సరిగ్గా మధ్యన పడుతుంది.

సింక్ ఉండగా ఇదంతా ఎందుకని మీలో కొందరు అనుకుంటున్నారు, మొహాల్లో కనిపిస్తోంది. సింక్ వాడొద్దని నేను చెప్పను. నేనూ వాడతాను. కానీ సింక్ దేన్ని కలుపుతుందో తెలియాలి. సాఫ్ట్‌వేర్ పాటను విని, దాని మీద సమాన దూరంలో గీతలు గీస్తుంది. దాన్ని బీట్‌గ్రిడ్ అంటారు. సింక్ ఈ పాట గీతలను ఆ పాట గీతలతో కలుపుతుంది. గీతలను కలుపుతుంది, దెబ్బలను కాదు. కంప్యూటర్‌లో చేసిన పాటలో దెబ్బ సరిగ్గా గీత మీదే ఉంటుంది కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తుంది. చేత్తో వాయించిన దాంట్లో కాదు.

ఆ పెళ్లి ఫైల్‌ను తర్వాత ఇంట్లో కూర్చుని కొలిచాను. మొదట్లో నిమిషానికి 104 దెబ్బలు. నాలుగో నిమిషానికి 111. ఆట వేడెక్కుతుంటే వాయించేవాళ్ల చేతులూ వేడెక్కుతాయి. ఆడేవాళ్ల కాలు చూసి డోలు, డోలు విని కాలు, అట్లా ఒకదాన్ని ఒకటి లాక్కుపోతాయి. నేను మొదటి దెబ్బలు చూసి 104 అని గ్రిడ్ పెట్టాను. 111 దగ్గరికి వచ్చేసరికి ఒక్కో దెబ్బ గీత కంటే 36 మిల్లీసెకన్లు ముందు పడుతోంది. అట్లా ఎనిమిది దెబ్బలకు సగం దెబ్బ దూరం. అయినా స్క్రీన్ మీద గీతలు కలిసే ఉన్నాయి, ఎందుకంటే నేను చూస్తున్నది గీతలను. వాటి పక్కనే ఉన్న గుట్టలు జరిగిపోతున్నా కన్ను పెట్టలేదు. మామ చెయ్యి ఉరికింది. నా పెట్టె ఉరకలేదు.

దీనికి మందు ఉంది. సెరాటోలో ఒకే గీతతో సరిపెట్టకుండా, పాట పొడుగునా మనమే చాలా చోట్ల గుర్తులు పెట్టుకోవచ్చు. ఒక్కో గుర్తు మధ్య వేగం వేరుగా ఉండొచ్చు. రికార్డ్‌బాక్స్‌లో పాటను విశ్లేషించేటప్పుడు డైనమిక్ అని ఒక పద్ధతి ఉంది, మారే వేగాన్ని అది కొంతవరకు పట్టుకుంటుంది. నేను మాత్రం చేత్తోనే పెడతాను. నాలుగు నిమిషాల డోలుకు గంటన్నర పడుతుంది. విసుగు పుట్టే పనే. కానీ ఆ గంటన్నరలో ఎక్కడ డోలు ముందుకు దూకింది, ఎక్కడ ఊపిరి తీసుకుంది అన్నీ తెలిసిపోతాయి. పక్కన కూర్చుని నేర్చుకోవడానికి ఆ వాయిద్యం ఇంట్లో లేనివాడికి ఇది కూడా ఒక రకంగా నేర్చుకోవడమే.

ఇంకో మందు కూడా ఉంది. అది వాడొద్దని బతిమాలుతున్నాను. డోలు రికార్డింగ్‌నే ముక్కలు చేసి, సాగదీసి, ప్రతి దెబ్బనూ గీత మీదికి లాగి కూర్చోబెట్టడం. రీమిక్స్ చేసే పోరగాళ్లు ఇదే చేస్తున్నారు. పది నిమిషాల పని. దాంతో డోలు చక్కగా కిక్‌తో కలుస్తుంది. కానీ అది ఇంక డోలు కాదు, డోలు గొంతుతో మోగే మెషీన్. మన పిల్లలు రేపు వినేది అదొక్కటే అయితే, అసలు డోలు విన్నప్పుడు "వీళ్లకు తాళం రాదు" అంటారు. అప్పుడు తప్పు మామది అవుతుంది. గీతలు డోలు దగ్గరికి రావాలి కానీ డోలును గీతల దగ్గరికి ఈడ్వొద్దు.

సాఫ్ట్‌వేర్ చేసే ఇంకో పొరపాటు చెప్తాను. తీన్‌మార్ లాగా ఒక్కో అడుగులో మూడేసి చిన్న దెబ్బలతో నడిచే దరువు తీసుకోండి. అడుగులు నిమిషానికి 100 అయితే చిన్న దెబ్బలు 300. సాఫ్ట్‌వేర్ వాటిని మూడేసి కాకుండా రెండేసి లెక్కపెడితే 150 అని చూపిస్తుంది. దాన్ని నమ్మి 150 పాటతో సింక్ చేస్తే గీతలు కలుస్తాయి, అడుగు మాత్రం ఎక్కడ వేయాలో ఎవరికీ తెలియదు. అందుకే నంబరు చూసే ముందు లేచి నిలబడి అడుగు వేయండి. సెల్ ఫోన్‌లో నిమిషం పెట్టుకుని అడుగులు లెక్కపెట్టండి. ఆ లెక్కే నిజం. స్క్రీన్ మీద నంబరు అందులో సగమో, రెట్టింపో, ఒకటిన్నర రెట్లో ఉంటే మీరే మార్చండి.

ఒకటో దెబ్బ ఏది అనేది కూడా అంతే. అలలో అన్ని గుట్టలూ ఒకేలా ఉంటాయి. ఆట ఏ దెబ్బ మీద తిరుగుతుందో బొమ్మ చెప్పదు. అది తెలిసినవాళ్లు ఇదే సభలో ముందు వరసలో కూర్చున్నారు. వెళ్లి అడగండి.

ఇట్లా చూసి కలపడం కంప్యూటర్‌తోనే రాలేదు. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 రికార్డు ప్లేయర్ 1972లో వచ్చింది. 1979లో వచ్చిన రెండో రకానికి పక్కన స్లైడర్ పెట్టారు. దాంతో వేగం ఎనిమిది శాతం వరకు పెంచొచ్చు, తగ్గించొచ్చు. అప్పటి డీజేలు రికార్డు గాడులను లైటు కింద పెట్టి చూసేవారు. శబ్దం తక్కువున్న చోటు ఒక రకంగా, గట్టిగా మోగే చోటు ఇంకో రకంగా మెరిసేది. న్యూయార్క్‌లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే నల్లజాతి యువకుడు రికార్డు మీద క్రేయాన్‌తో గీత పెట్టుకుని, డ్రమ్ము మొదలయ్యే చోటును దాంతో పట్టుకునేవాడు. పేదలు ఉండే బ్రాంక్స్‌లో పెరిగినవాడు. 2001లో పయనీర్ సీడీజే-1000 వచ్చాక చిన్న తెర మీద అల కనిపించడం మొదలైంది. ఆ తర్వాత లాప్‌టాప్‌లు. కన్ను ఎప్పుడూ సాయం చేసింది. కాకపోతే అప్పుడు చెవి ముందు, కన్ను వెనక. ఇప్పుడు తిరగబడింది.

ఇప్పుడు అసలు కష్టమైన సంగతి. డోలు వాళ్లు రికార్డింగ్‌లో కాదు, ఎదురుగా ఉన్నారు. బరాత్ నడుస్తోంది. ముందు డోలు, వెనక బండి మీద నా బాక్సులు. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. డోలు నాకు 17 మీటర్ల ముందు ఉంటే నా కిక్ వాళ్లకు చేరేసరికి 50 మిల్లీసెకన్లు ఆలస్యం. వాళ్లు దాన్ని విని కొట్టిన దెబ్బ తిరిగి నా చెవికి రావడానికి ఇంకో 50. అంటే వాళ్లు సరిగ్గా కొట్టినా నాకు వెనకబడినట్టే వినిపిస్తుంది. నేను వాళ్ల కోసం వేగం తగ్గిస్తాను, వాళ్లు నా కోసం తగ్గిస్తారు. ఒక బరాత్‌లో అట్లా తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ పోయి చివరికి చావు మేళంలా నడిపించాం. పెళ్లికొడుకు తండ్రి వచ్చి తిట్టాడు. స్క్రీన్ ఇక్కడ ఏ సాయమూ చేయదు, ఎదురుగా వాయించే డోలుకు అందులో అల ఉండదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకున్న తమ్ముళ్లకు ఇంకో ఆలస్యం తోడవుతుంది. వైరున్నదే కొనుక్కోండి.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. డోలు బండి పక్కనే నడుస్తుంది. డోలు మోగుతున్నంతసేపు నా ట్రాక్‌లో కిక్ ఉండదు. బాస్ పూర్తిగా తగ్గించి, పైన వినిపించే స్వరం ఏదైనా ఉంటే చిన్న లూప్‌లో పెట్టి, స్లైడర్ మీద వేలు ఉంచి డోలు వెనక నేను నడుస్తాను. డోలు ఆగాక నా కిక్ వస్తుంది. ఎదుటివాళ్లు ఉరికితే నేను ఉరుకుతాను. ఇప్పుడు మామ నన్ను చూసి తల ఊపుతాడు. పోయిన ఎండాకాలం ఒకసారి బాగుందని కూడా అన్నాడు, ఒక్కసారే.

డబ్బు సంగతీ చెప్పాలి. డీజేకు వేలు ఇచ్చే ఇంటివాళ్లు డోలు వాళ్లకు భోజనం పెట్టి పంపిస్తున్నారు. నన్ను అడిగినప్పుడు డోలుతో కలిపే రేటు చెప్తాను, వాళ్ల వాటా ముందే వాళ్ల చేతికి ఇప్పిస్తాను. దీనివల్ల కొన్ని పెళ్లిళ్లు పోయాయి. పోనీ. రాత్రి 10 తర్వాత బాక్సులు ఆపాలని ఎట్లాగూ చట్టం చెప్తోంది. ఆ తర్వాత పెళ్లిని నడిపించేది డోలే కదా.

ఇక రికార్డింగ్. ఇది మీ అందరి పని, డీజే కాకపోయినా. మార్లవాయి కనకరాజు గారికి గుస్సాడీ ఆటకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024లో ఆయన మనల్ని వదిలిపోయారు. ఆయన ఆడుతున్న వీడియోలు ఫోన్‌లో వెతికితే దొరుకుతాయి. చూడటానికి బాగుంటాయి. కళ్లు మూసుకుని వెనక వాయిస్తున్నవాళ్లను వినండి. చాలా వాటిలో డోలు చిట్లిపోయి వినిపిస్తుంది. అలల బొమ్మలో పెట్టి చూస్తే గుట్టల తలలు కత్తిరించినట్టు చదునుగా ఉంటాయి. అంటే ఫోన్ మైకు పట్టగలిగిన దానికంటే శబ్దం ఎక్కువైంది. పోయిన ఆ తలలను మళ్లీ తేలేం.

అందుకే డోలు మీద ఫోన్ పెట్టి రికార్డు చేయొద్దు. నాలుగైదు మీటర్ల దూరం పోండి. ముందు పది సెకన్లు తీసి, బొమ్మ చూడండి. తలలు గుండ్రంగా, పైన కొంత ఖాళీ ఉంటే సరే. చదునుగా ఉంటే ఇంకొంచెం వెనక్కి. వేవ్ ఫైల్‌గా దాచే యాప్ వాడండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే నలిగిపోతుంది. అర నిమిషం ముక్కలు వద్దు, మొదలు నుంచి చివరి దాకా తీయండి. ఉరకడం అందులోనే ఉంటుంది. ఎవరు వాయించారు, ఏ ఊరు, ఏ సందర్భం, ముందే మీ గొంతుతో చెప్పి రికార్డు చేయండి. మన డోలు ఫైళ్లు నా దగ్గర ముప్పై దాకా ఉన్నాయి. పన్నెండింటిలో వాయించింది ఎవరో నాకే గుర్తు లేదు. సిగ్గుగా ఉంది.

ఒక్క గీత మాత్రం దాటొద్దు. పేన్ పూజలో మోగే దరువులు, దండారీలో దేవుడి ముందు వాయించేవి మిక్స్‌లోకి రావు. ఏది తీసుకోవచ్చు, ఏది తీసుకోకూడదు అనేది మనం తేల్చేది కాదు. పటేల్‌ను, కటోడాను అడిగి, వాళ్లు వద్దంటే ఫోన్ జేబులో పెట్టుకోవాలి. డీజే వద్దని తీర్మానం చేసిన గూడేల్లో ఒకదాంట్లో గొడవ మొదలైంది సరిగ్గా ఇక్కడే. పూజ దరువును ఎవరో కుర్రాడు కిక్ మీద పెట్టి బరాత్‌లో వాయించాడు. అందుకే ఆ పెద్దల మీద నాకు కోపం లేదని మొదట్లో అన్నాను.

చెల్లెళ్లకు ఒక మాట. ఇది పోరగాళ్ల పనే అని ఎక్కడా రాసిపెట్టి లేదు. దింసా ఆడేవాళ్లకు ఒకటో దెబ్బ ఎక్కడో కాలికి తెలుసు. అది నేర్చుకోవడానికే నాకు ఐదేళ్లు పట్టింది.

భోజనాలయ్యాక వెనక గదిలో లాప్‌టాప్, చిన్న కంట్రోలర్ పెట్టి ఉంచాను. ఒక డెక్‌లో నిమిషానికి 108 ఉన్న మామూలు ట్రాక్, ఇంకో డెక్‌లో ఆ పెళ్లి డోలు ఫైల్, గ్రిడ్ లేకుండా. స్క్రీన్ మీద తువ్వాలు కప్పాను. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. ముందు చెవితో కలపండి, తర్వాత తువ్వాలు తీసి గుట్టలు ఎక్కడున్నాయో చూద్దాం. డోలు మామ కూడా వస్తానన్నాడు, పక్కన కూర్చుంటాడు. జై సేవా.